జనము, అన్యజనము: బైబిలులో ఒక సరిహద్దు చరిత్ర

బైబిలును తెలుగులో చదివేవారికి ‘జనము’, ‘ప్రజలు’, ‘అన్యజనులు’, ‘పరదేశి’ అనే మాటలు తరచుగా ఎదురవుతాయి. బాగా అలవాటైన మాటలు కనుక వాటి దగ్గర ఎవరూ ఆగరు. ‘జనము’ అంటే దేవుడు ఏర్పరచుకొన్నవారు, ‘అన్యజనులు’ అంటే తక్కినవారు అన్న లెక్క ఒకటి ముందే మనసులో పడిపోయి ఉంటుంది. ఈ రెంటికీ నడుమనున్న గీత గ్రంథంలో ఒకేచోట నిలిచి ఉండదని, దానిని ఎక్కడ గీయాలన్న విషయమై బైబిలులోని పుస్తకాలే ఒకదానితో ఒకటి వాదించుకొంటాయని చూపడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆ వాదం తెలుగు పాఠకుడికి స్పష్టంగా వినిపించకపోవడానికి అనువాదంలోని మాటల ఎంపిక కూడా కొంత కారణమని మా అభిప్రాయం.

మేము ఇక్కడ మతసిద్ధాంత చర్చకు దిగడం లేదు. భారతాన్నో బసవపురాణాన్నో చదివినట్లే బైబిలును కూడా ఒక వాఙ్మయంగా చదవవచ్చునని, అలా చదివితే దాని గౌరవం తగ్గదని నమ్ముతున్నాం. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తరతరాలుగా పారాయణలో ఉన్న పాత అనువాదాన్నే మేము ఆధారంగా తీసుకొన్నాం. పేర్లు కూడా అందులో ఉన్నట్లే వాడుతున్నాం.

మూలాలు

ఆ జనం ఎక్కడ మొదలయిందన్న ప్రశ్నకు ఆదికాండం వంశవృక్షం రూపంలో సమాధానం చెబుతుంది. కల్దీయుల పట్టణమైన ఊరు నుంచి బయలుదేరిన తెరహు కుటుంబం హారానులో ఆగింది. అక్కడినుంచి అబ్రాహాము కనాను చేరాడు. అతని మనుమడు యాకోబు యబ్బోకు రేవు దగ్గర ఒక రాత్రంతా పెనుగులాడి ‘ఇశ్రాయేలు’ అన్న పేరు పొందాడు. అతని పన్నెండుగురు కొడుకుల పేర్లు గోత్రాల పేర్లయ్యాయి. పైకి ఇది ఒకే నెత్తురు కథలాగా కనబడుతుంది.

కాని ఈ వంశవృక్షంలోకి ఎందరు పైవారు వచ్చి చేరారో గ్రంథం దాచలేదు. యూదా పెండ్లాడింది కనానీయురాలిని. యోసేపు భార్య ఆసెనతు ఐగుప్తు యాజకుని కూతురు. ఎఫ్రాయిము, మనష్షే గోత్రాల మూలపురుషులిద్దరూ ఆమె కడుపున పుట్టినవారే. మోషే భార్య సిప్పోరా మిద్యాను యాజకుని కూతురు. ఐగుప్తు నుంచి బయలుదేరిన నాడు ఇశ్రాయేలీయులతో పాటు నానాజాతుల గుంపు ఒకటి కదిలిందని నిర్గమకాండం 12వ అధ్యాయం చెబుతుంది. యూదా గోత్రం పక్షాన వేగు చూడడానికి వెళ్ళిన కాలేబు కనిజ్జీయుడు; కనజు పేరు ఏశావు సంతతి జాబితాలో, అంటే ఎదోము వారిలో కనిపిస్తుంది. యెరికో పట్టణపు రాహాబు ఇంటిల్లిపాదితో ఇశ్రాయేలీయుల నడుమ స్థిరపడింది. గిబియోనీయులు మాయచేసి మరీ లోపలికి వచ్చారు. పంట ప్రథమఫలాలు అర్పించే రైతు తన పూర్వికుడు దిక్కులేని ఒక అరామీయుడని చెప్పుకోవాలన్నది ద్వితీయోపదేశకాండం విధి. యెహెజ్కేలు ప్రవక్త యెరూషలేమును నిందిస్తూ దాని తండ్రి అమోరీయుడు, తల్లి హిత్తీయురాలు అన్నాడు. అది నిందే అయినా, వినేవారికి నమ్మశక్యం కానిదైతే అది నిందగా పనిచేయదు గదా.

గ్రంథం వెలుపలి సాక్ష్యం కూడా గమనార్హం. 1896లో ఐగుప్తులోని థీబ్సులో ఫ్లిండర్స్ పెట్రీ ఒక శిలాశాసనాన్ని కనుగొన్నారు. క్రీ.పూ. 1208 ప్రాంతంలో మెర్నెప్తా అనే ఫరో వేయించినది అది. కనాను ప్రాంతంలో తాను అణచినవారిని చెబుతూ ఆ రాజు అష్కెలోను, గెజెరు, యెనోయాము అనే పేర్లకు నగరాన్నో దేశాన్నో సూచించే గుర్తు పెట్టించాడు. ‘ఇశ్రాయేలు’ అన్న పేరుకు మాత్రం ఆ గుర్తు లేదు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, బహువచన సూచకమైన గీతలు, అంటే జనసమూహాన్ని తెలిపే గుర్తు ఉంది. ఈ పేరు బైబిలుకు వెలుపల మనకు దొరికిన మొట్టమొదటి నిశ్చితమైన ఆధారంలో వారు దేశం పేరున గాక జనం పేరున కనబడుతున్నారు.

అదే కాలంలో కనాను నడిమి కొండల మీద రెండు వందలకు పైగా చిన్న పల్లెలు కొత్తగా వెలిశాయని పురావస్తు సర్వేలు తేల్చాయి. ఆ పల్లెల కుండలు, ఇంటి సామాను చాలావరకు అంతకుముందరి కనాను సంప్రదాయానికి కొనసాగింపే. అందువల్ల తొలి ఇశ్రాయేలులో అధికభాగం బయటినుంచి దండెత్తి వచ్చినవారు కారని, ఆ నేల మీదివారే కొత్త పేరు కింద కూడారని నేటి పండితుల్లో చాలామంది అభిప్రాయపడుతున్నారు. కొద్దిమంది ఐగుప్తు నుంచి తెచ్చిన విమోచన కథను తక్కినవారూ తమదిగా చేసుకొని ఉండవచ్చునన్న ఊహ కూడా ఉంది. ఏది ఏమైనా మొదటి మాట ఇది: ఈ జనం పుట్టుకతో ఏర్పడినది కాదు, కలయికతో ఏర్పడినది. వంశవృక్షం ఆ కలయికకు తరువాత తొడిగిన రూపం.

పేరు చేసిన ప్రయాణం

‘ఇశ్రాయేలు’ అన్న పేరు కూడా ఒకరి దగ్గరే ఉండిపోలేదు. సొలొమోను తరువాత రాజ్యం రెండుగా చీలినప్పుడు ఆ పేరు ఉత్తరపు రాజ్యానికి దక్కింది, దక్షిణాన మిగిలింది యూదా. 1993లో తేల్ దాను దగ్గర దొరికిన క్రీ.పూ. 9వ శతాబ్దపు అరామిక్ శాసనంలో ‘ఇశ్రాయేలు రాజు’ వేరుగా, ‘దావీదు ఇల్లు’ వేరుగా పేర్కొనబడ్డాయి. పక్క రాజ్యాలవారి దృష్టిలో అవి రెండు వేర్వేరు ప్రభుత్వాలే.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సేనలకు షోమ్రోను పడిపోయింది. ఉత్తర రాజ్యం పోయినా దాని పేరు పోలేదు. దక్షిణంలోని యూదావారు ఆ పేరును తమదిగా తీసికొన్నారు. తరువాతి ప్రవక్తలు యూదా ప్రజను ‘ఇశ్రాయేలు’ అని సంబోధించడం ఇందుకు నిదర్శనం. రాజ్యం పేరుగా ఉన్నది రాజ్యం లేని నాడు ఒక ఆధ్యాత్మిక వారసత్వపు పేరయింది.

‘యూదుడు’ అన్న మాట ప్రయాణం మరీ విచిత్రం. హీబ్రూలో ‘యెహూదీ’ అంటే మొదట యూదా సీమవాడు అని మాత్రమే అర్థం. ఎస్తేరు గ్రంథానికి వచ్చేసరికి బెన్యామీను గోత్రపు మొర్దెకై కూడా ‘యెహూదీ’యే. అదే గ్రంథం 8వ అధ్యాయంలో పారసీక సామ్రాజ్యంలోని ఇతర జాతులవారు పలువురు యూదులైనట్లు ఉంది. మొదట సీమ పేరు, తరువాత జాతి పేరు, ఆపైన ఎవరైనా చేరదగిన సమాజం పేరు.

ఈ మార్పుకు కీలకం చెర. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనువారు యెరూషలేమును కాల్చి, ప్రముఖులను తీసికొనిపోయారు. అలా పోయినవారి బతుకును గురించి ఇటీవలి దాకా మనకు తెలిసింది తక్కువ. 2014లో లారీ పియర్స్, కొర్నేలియా వున్ష్ అనే విదుషీమణులు ప్రచురించిన మట్టి పలకల వల్ల ఆ కొరత కొంత తీరింది. క్రీ.పూ. 572 మొదలు 477 వరకు నడిచిన ఆ పలకల్లో ‘అల్ యాహూదు’, అనగా యూదా ఊరు అనే పల్లె ప్రస్తావన ఉంది. వాటిలో స్తోత్రాలు, విలాపాలు లేవు. ఉన్నవి కౌళ్ళు, పన్నులు, యవలు, ఖర్జూరాలు, అప్పు పత్రాలు. పోయినవారు పోయినచోట సేద్యం చేశారు, తమ ఊరికి తాము విడిచివచ్చిన నేల పేరు పెట్టుకొన్నారు, పిల్లల్లో కొందరికి దేవుని నామం కలిసివచ్చే పేర్లు, మరికొందరికి స్థానికుల పేర్లు పెట్టుకొన్నారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మీరున్న పట్టణం క్షేమాన్ని కోరండి అని యిర్మీయా చెరవారికి రాసిన ఉత్తరంలోని హితవును ఈ పలకల పక్కన పెట్టి చదివితే అది ఎంత వాస్తవికమైన సలహాయో తెలుస్తుంది.

ఇంకొక శాఖ ఐగుప్తులో ఉంది. నైలు నదిలోని ఎలిఫెంటైన్ ద్వీపంలో పారసీకుల కొలువులో సైనికులుగా ఉన్న యూదులు అరామిక్ భాషలో రాసుకొన్న కాగితాలు క్రీ.పూ. 5వ శతాబ్దానివి. వారికి అక్కడే తమ దేవుని ఆలయం ఉండేది. క్రీ.పూ. 410లో స్థానికులు దానిని పడగొట్టగా, తిరిగి కట్టుకోవడానికి సాయం కోరుతూ 407లో వారు యూదా అధిపతికి అర్జీ పంపారు. ఇదే సంగతిని షోమ్రోను అధిపతి కొడుకులకు కూడా తెలిపారు. ఏకైక స్థలంలోనే బలిపీఠం ఉండాలన్న ద్వితీయోపదేశకాండపు నియమం వారికి అడ్డు కాలేదు.

అందుచేత కోరెషు రాజు బబులోనును గెలిచిన తరువాత, అంటే క్రీ.పూ. 538 నుంచి చెరవారు విడతలుగా తిరిగివచ్చేనాటికి ‘మేమే ఆ జనం’ అనగలవారు పలువురు ఉన్నారు. తిరిగివచ్చినవారు, రాక బబులోనులోనే ఉండిపోయినవారు, ఐగుప్తువారు, అసలు ఊరు కదలకుండా ఉన్న పేద రైతులు, ఉత్తరాన షోమ్రోను వారు. ఎవరు జనం, ఎవరు అన్యజనం? ఈ ప్రశ్నకు బైబిలులో రెండు సమాధానాలు పక్కపక్కన ఉన్నాయి.

ఎజ్రా, నెహెమ్యాల సమాధానం

సంప్రదాయ గణన ప్రకారం ఎజ్రా క్రీ.పూ. 458లోను, నెహెమ్యా 445లోను యెరూషలేము వచ్చారు. ఎజ్రా గ్రంథం దృష్టిలో జనమంటే చెరనుంచి తిరిగివచ్చినవారే. ఊళ్ళోనే ఉండిపోయినవారు ‘దేశపు జనులు’. వారి ఆడపిల్లలను పెండ్లాడినవారిని పట్టికవేసి విడిపించడంతో గ్రంథం ముగుస్తుంది. నూరుమందికి పైగా పురుషుల పేర్లున్న ఆ పట్టికలో వెళ్ళగొట్టబడిన స్త్రీ పేరు ఒక్కటీ లేదు. పిల్లల సంగతి చెప్పే చిట్టచివరి వాక్యం హీబ్రూ మూలంలోనే అస్పష్టం. ఇది వ్రాతప్రతి లోపమో, కలం తడబడిందో చెప్పలేం గాని, కథ సరిగ్గా ఆ చోటనే తెగిపోవడం చదువరిని కలవరపెడుతుంది.

ఎజ్రాను కేవలం కఠినుడని కొట్టివేయడం తేలిక. కాని ఆయన పక్షం కూడా వినాలి. రాజు లేడు, సైన్యం లేదు, పెద్ద సామ్రాజ్యంలో ఒక మూల చిన్న మండలం. భూములు ఎవరివన్న తగవు ఇంకా ఉన్నది. ఇటువంటి స్థితిలో ఒక సమాజం తన్ను తాను నిలుపుకోవాలంటే పెళ్ళి దగ్గర గీత గీస్తుంది. ఇందుకోసం ఎజ్రా గ్రంథం ‘పవిత్రమైన విత్తనం’ అన్న భావాన్ని వాడింది. యాజకులకు వర్తించే శుద్ధి నియమం ఇక్కడ యావజ్జనానికీ రక్తనియమంగా మారింది. అంతకుముందు ధర్మశాస్త్రంలో నిషేధానికి చెప్పిన కారణం విగ్రహారాధన. ఎజ్రా నాటికి కారణం పుట్టుక.

నెహెమ్యా 13వ అధ్యాయంలో ఇంకొక కొలత కనబడుతుంది. అష్డోదు, అమ్మోను, మోయాబు స్త్రీలను చేసికొన్నవారి పిల్లల్లో సగం మంది అష్డోదు భాష మాట్లాడుతున్నారని, యూదుల భాష వారికి రావడం లేదని ఆయన బాధ. ఆంధ్రేతర ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ వాక్యం పరాయిది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడే పిల్లలను చూసిన హోసూరు, బళ్ళారి, బరంపురం తాతలకు నెహెమ్యా బాధ వెంటనే అర్థమవుతుంది. అర్థం కానిది ఆయన చేసిన వైద్యం. ఆయన తండ్రులను శపించాడు, కొందరిని కొట్టాడు, జుట్టు పీకాడు. కాగా చరిత్ర చేసిన వేళాకోళం ఒకటుంది. ఎజ్రా గ్రంథంలోనే కొన్ని అధ్యాయాలు హీబ్రూలో కాక అరామిక్‌లో ఉన్నాయి. తరువాతి కాలంలో అరామిక్ యూదుల ఇంటిభాషే అయింది. అలెగ్జాండ్రియా యూదులకు క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి ధర్మశాస్త్రాన్నే గ్రీకులోకి మార్చుకోవలసి వచ్చింది. భాష మారింది, జనం ఉన్నది.

రూతు సమాధానం

రూతు కథ తెలియని తెలుగు క్రైస్తవ కుటుంబం ఉండదు. కరువుకు బేత్లెహేము విడిచి మోయాబు పోయిన నయోమి అక్కడ భర్తను, కొడుకులను పోగొట్టుకొని తిరిగి వస్తుంటే, మోయాబీయురాలైన కోడలు రూతు అత్తను విడవలేదు. ఆ ఊళ్ళో పరిగె ఏరుకొంటూ బోయజు కంటబడి, అతని ఇల్లాలయింది. వారి మనుమడి కొడుకే దావీదు: వారి కొడుకు ఓబేదు, ఓబేదు కొడుకు యెష్షయి, యెష్షయి కొడుకు దావీదు.

పెండ్లిళ్ళలోను, ప్రసంగాలలోను ఈ కథను కోడలి విధేయతకు దృష్టాంతంగా వాడుతారు. దానిలోని వాదం అందువల్ల మరుగున పడింది. మోయాబీయులు పదవ తరం వరకు యెహోవా సమాజంలో చేరరాదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం శాసించింది. దారిలో ఉన్న ఇశ్రాయేలుకు అన్నపానాలు ఇవ్వకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. నెహెమ్యా 13వ అధ్యాయం ఆరంభంలో చదివించింది ఈ శాసనాన్నే. రూతు కథలో జరిగింది దీనికి తలకిందు. ‘రొట్టెల ఇల్లు’ అని అర్థం వచ్చే బేత్లెహేములో రొట్టె లేకపోతే కడుపు నింపింది మోయాబు. తరువాత ఊళ్ళో అత్తకు తిండి తెచ్చిపెట్టింది మోయాబు పిల్ల. పదవ తరం మాట అలా ఉండగా మూడవ తరం తిరిగేసరికి దావీదు పుట్టాడు.

రూతు గ్రంథం ఎజ్రాకు జవాబుగా పుట్టిందని కొందరు పండితులు అంటారు. రాజుల కాలంలోనే పుట్టిందని మరికొందరు అంటారు. రచనాకాలం ఏదైనా రెండూ ఒకే సంపుటంలో చేరాక వాటి నడుమ వాదం తప్పదు. హీబ్రూ బైబిలులో రూతు, ఎజ్రా, నెహెమ్యా మూడూ ‘లేఖనాలు’ అనే చివరి విభాగంలో ఉంటాయి. మన బైబిలులో రూతు న్యాయాధిపతుల తరువాత పాత కథగా ముందుకు వచ్చింది. ఇరుగుపొరుగున ఉండవలసిన ప్రత్యర్థులు దూరమయ్యారు.

అనువాదం ఈ దూరాన్ని ఇంకా పెంచింది. రూతు 2వ అధ్యాయంలో బోయజు దయకు ఆశ్చర్యపడి రూతు తన్ను తాను ‘నొఖ్రియా’ అని చెప్పుకొంటుంది. ఎజ్రా వెళ్ళగొట్టిన స్త్రీలకు కూడా గ్రంథం వాడిన మాట సరిగ్గా అదే, బహువచనంలో ‘నొఖ్రియోత్’. ఒకే మాట రెండుచోట్లా మోగినప్పుడు హీబ్రూ పాఠకుడు ఉలిక్కిపడక తప్పదు. మన అనువాదంలో రూతు ‘పరదేశి’, ఎజ్రా నాటి స్త్రీలు ‘అన్యజనముల’ వారు. ‘పరదేశి’ అన్న మాటలో జాలి ఉంది, ‘అన్య’ అన్న మాటలో దూరం ఉంది. జాలిపడవలసిన ఆమె వేరు, దూరంగా ఉంచవలసినవారు వేరు అన్నట్లయింది. పైగా లేవీయకాండం 19వ అధ్యాయంలో తనవానివలె చూచుకొమ్మన్న వలసవాసికి, అంటే హీబ్రూలోని ‘గేర్’కు కూడా మన అనువాదం ‘పరదేశి’ అనే అన్నది. హీబ్రూలో గేర్‌కు చట్టరక్షణ ఉంది, నొఖ్రీకి లేదు. రూతు ఆ రక్షణ లేనిదానిగా తన్ను చెప్పుకొన్నది. ఆమె సాహసం విలువ ఆ తేడాలోనే ఉంది.

అదే వాక్యంలో ఒక శబ్దచమత్కారం కూడా ఉంది. ‘గుర్తించు’ అనే క్రియ, ‘పరాయిది’ అనే నామం రెంటిలోను న, ఖ, ర అనే అక్షరాలే వినిపిస్తాయి. పరాయిదానిని గుర్తించావేమని ఆమె అడుగుతున్నది. గుర్తించడం, పరాయి చేయడం ఒకే ధ్వనిలో రెండు ముఖాలన్నమాట. గ్రంథం వాదమంతా ఆ చిన్న మాటలో ఇమిడి ఉంది. దీనిని తెలుగులో తేవడం కష్టమే. తేలేదని అనువాదకులను తప్పుపట్టలేం.

అయితే రూతు గ్రంథాన్ని ఎజ్రాకు పూర్తి విరుగుడుగా పొగడడానికి కూడా మేము జంకుతున్నాం. అత్త జనమే తన జనమని ఆమె ప్రకటించుకొన్న తరువాత కూడా కథకుడు ఆమెను ‘మోయాబీయురాలు’ అని పదేపదే అంటూనే ఉన్నాడు. చివర బిడ్డ పుట్టినప్పుడు ఊరి ఆడవారు నయోమికి కొడుకు పుట్టాడని పలికారు. చివరి వంశావళిలో తండ్రుల పేర్లే ఉన్నాయి, రూతు పేరు లేదు. లోపలికి రానిచ్చారు, వచ్చాక ఆమె కనబడకుండా పోయింది. ఎజ్రా పట్టికలో పేరు లేని స్త్రీలకు, రూతు వంశావళిలో పేరు లేని స్త్రీకి మధ్య ఈ పోలికను విమర్శకులు మరువరాదు.

ప్రవక్తల నుంచి పౌలు దాకా

ఈ వాదానికి పూర్వరంగం ప్రవక్తల్లో ఉంది. ఇశ్రాయేలును ఐగుప్తు నుంచి రప్పించిన దేవుడే ఫిలిష్తీయులను కఫ్తోరు నుంచి, అరామీయులను కీరు నుంచి రప్పించాడని ఆమోసు చివరి అధ్యాయం చెబుతుంది. యెషయా 19వ అధ్యాయం చివర ఐగుప్తును ‘నా జనము’ అని దేవుడు పిలుస్తాడు. హోషేయ తన కొడుకుకు ‘లోఅమ్మీ’, అనగా నా జనము కాదు అని పేరు పెట్టవలసి వచ్చింది. జనం జనం కాకుండా పోవచ్చును, తిరిగి కావచ్చును. పుట్టుకే ప్రమాణమైతే ఈ మాటకు అర్థమే లేదు.

హోషేయ మాటనే పౌలు రోమీయులకు రాసిన పత్రికలో, పేతురు పేరనున్న మొదటి పత్రికలో తిరిగి వాడారు. హోషేయలో అది ఇశ్రాయేలును గురించి. పౌలు దానిని యూదులు కానివారికి కూడా వర్తింపజేశాడు. ఒక మాట అర్థాన్ని ఇంత ధైర్యంగా మార్చిన సందర్భాలు వాఙ్మయంలో అరుదు. మన అనువాదంలో హోషేయ దగ్గర ‘జనము’, పత్రికల దగ్గర ‘ప్రజ’ అని ఉండడంతో ఇది ఆ పాత మాటేనన్న స్ఫురణ చాలామందికి కలగదు.

పౌలు వాదానికి ఒక హద్దు ఉంది. రోమా 11వ అధ్యాయంలో అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవకు అంటుకట్టిన ఉపమానం చెబుతూ, అంటుకట్టిన కొమ్మ అతిశయించరాదని, వేరే దానిని మోస్తున్నదని హెచ్చరించాడు. తరువాతి సంఘం ఈ హెచ్చరికను మరచింది. 2వ శతాబ్దంలో జస్టిన్ మొదలుగా పలువురు సంఘమే నిజమైన ఇశ్రాయేలని, యూదులు తమ స్థానం కోల్పోయారని వాదించారు. యూరపులో శతాబ్దాల పాటు యూదులు పడిన అవమానాలకు ఈ వాదం ఒక ఊతమయింది. 1965లో రెండవ వాటికన్ మహాసభ చేసిన ప్రకటన పౌలు మాటలను మళ్ళీ ముందుకు తెచ్చి ఆ ధోరణిని కాదన్నది.

తెలుగులో ‘అన్యులు’

ఇక మన భాషకు వద్దాం. హీబ్రూ ‘గోయ్’, గ్రీకు ‘ఎత్నోస్’ అనే మాటలకు మూలార్థం జాతి, జనసమూహం. అబ్రాహామును గొప్ప జనముగా చేస్తానన్న వాగ్దానంలోని మాట ‘గోయ్’. సీనాయి దగ్గర ఇశ్రాయేలును పరిశుద్ధ జనమని పిలిచినప్పుడు కూడా అదే మాట. అంటే ఇశ్రాయేలు కూడా ఒక ‘గోయ్’. బహువచనంలో తక్కిన జాతులన్న అర్థం రూఢమైనమాట నిజమే. ఆ రూఢ్యర్థాన్ని స్పష్టం చేయడానికి తెలుగు అనువాదకులు ‘అన్య’ అనే విశేషణాన్ని ముందు చేర్చారు. 1805లో లండన్ మిషనువారు విశాఖపట్నం చేరినది మొదలు ఈ అనువాద కృషి ఎన్నో చేతులు మారింది. ఏ ఒక్కరినో బాధ్యులను చేయడం మా అభిమతం కాదు. ‘అన్య’ అంటే ఇతర అనే గదా అర్థం.

కాని వాడుకలో ‘అన్యజనులు’ ‘అన్యులు’ అయి, ఆ ‘అన్యులు’ క్రైస్తవేతరులైన ఇరుగుపొరుగువారయ్యారు. ఇందులో వింత ఏమంటే, పౌలు పత్రికల్లో ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో ఆ వర్గంలోనివారే తెలుగు క్రైస్తవులు. పుట్టుక ప్రకారం వారు గీతకు అవతలివారు, అంటుకట్టిన అడవి కొమ్మలు. ఒంగోలు ప్రాంతంలో 1876–78 నాటి కరువు వెనుక, 1878 జులై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి వెలుపల వాడలో ఉంచబడినవారికి, ఒకప్పుడు ప్రజ కానివారు నేడు ప్రజ అయినారన్న పేతురు పత్రిక సందేశం ఎంత బలంగా తాకి ఉంటుందో ఊహించవచ్చు. వెలివేసే మాట బాధ బాగా తెలిసినవారి నోట మరొక వెలి మాట వాడుకలోకి రావడం విచారకరం. రూతు వారసులు ఎజ్రా భాష మాట్లాడుతున్నారు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఈ కథ మరొక మలుపు తిరిగింది. అక్కడి మాదిగ కుటుంబాలు కొన్ని 1980ల చివరినుంచి తాము ఎఫ్రాయిము గోత్రం వారమని, ‘బెనే ఎఫ్రాయిము’ అన్న పేరుతో యూదాచారాలు పాటిస్తున్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై 2013లో ఒక గ్రంథం ప్రచురించారు. వీరి వాదం చారిత్రకంగా నిలుస్తుందా అని అడిగేవారు చాలామంది. మాకు ముఖ్యమనిపించింది వేరు. ఎఫ్రాయిము తల్లి ఐగుప్తీయురాలు. అతని పేరు మోసిన ఉత్తర రాజ్యం చెదిరిపోయింది. పాతకాలంలోనే కలయికతో పుట్టి, చెదిరి, పేరు మాత్రమే మిగిలిన గోత్రం అది. కులం ఇచ్చిన పేరును కాదని తమకు తాముగా ఒక పేరు ఎంచుకొన్నవారికి ఆ పేరు అమరడంలో ఆశ్చర్యం లేదు. కొండ పల్లెల రైతులు ఒకనాడు ‘ఇశ్రాయేలు’ అన్న పేరు కింద చేరడానికీ దీనికీ పోలిక చూడవచ్చును.

ఈ పరిశీలన వల్ల తేలిన దానిని రెండు మాటల్లో చెబుతాం. మొదటిది, బైబిలులో దేవుని జనం ఎవరన్న దానికి ఒక తీర్పు లేదు, తెగని వాదం ఉంది. ఎజ్రాను తీసివేస్తే రూతు ఉత్త పెళ్ళికథ అవుతుంది. రూతును తీసివేస్తే ఎజ్రా శాసనం అవుతాడు. రెంటినీ ఒకే సంపుటంలో ఉంచిన సంకలనకర్తల విజ్ఞత మెచ్చదగినది. రెండవది, ఆ వాదం తెలుగులో వినిపించాలంటే కొత్త అనువాదాలు మూలంలో ఒకే మాట ఉన్నచోట ఒకే మాట ఉంచడానికి ప్రయత్నించాలి. ‘అన్యజనులు’ అన్నచోట ‘ఇతర జనులు’ అంటే అర్థానికి లోటు రాదు, పొరుగువారికి నొప్పి తగలదు.

పేతురు పత్రిక తన పాఠకులను దేవుని ప్రజ అని పిలిచిన మరుసటి వాక్యంలోనే పరదేశులని సంబోధించింది. ఈ రెండు మాటలకు నడుమ ఒక్క వాక్యపు దూరం కూడా లేదని గుర్తున్నవారు మూడవవారిని ‘అన్యులు’ అనడానికి కొంచెం తడబడతారు. ఆ తడబాటు కలిగించగలిగితే అనువాదం తన పని చేసినట్లే.